వాళ్ల సినిమా వాళ్లను తీయనివ్వు

హనుమకొండ

బిడ్డా,

ఈ సంవత్సరం నుంచి ఫిల్మ్ క్లాసులు నీకు అప్పజెప్పారని విన్నాను, సంతోషం. "సార్, సిలబస్ ఉంది గానీ ఎట్లా నడిపించాలో తెలుస్తలేదు, టెన్షన్‌గా ఉంది" అన్నావు మొన్న. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నా. తీరిక ఉన్నప్పుడు చదువుకో.

అన్నిటికన్నా ముందు ఒకటి చెప్తా. పిల్లల చేత నీ సినిమా తీయించకు. సినిమా పాఠాలు చెప్పేవాళ్లలో చాలామందికి కడుపులో ఒక సినిమా ఉండిపోతుంది. డబ్బులు కుదరకో, ధైర్యం చాలకో తీయలేకపోయిన సినిమా అది. స్క్రిప్టు పట్టుకుని ఒక పోరడు మన గదిలోకి రాగానే అది లేచి కూర్చుంటుంది. "చివర్లో ఆ అమ్మాయి రైలు ఎక్కితే ఎట్లుంటుంది?" అంటాం. సార్ చెప్పాడు కదా అని వాడు ఎక్కిస్తాడు. రెండు సెమిస్టర్లు గడిచేసరికి క్లాసులో సినిమాలన్నీ ఒక్కమనిషి తీసినట్టు కనిపిస్తాయి. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ "మీ పిల్లల్లో ఒక శైలి ఉందండీ" అని మెచ్చుకుని పోతాడు కూడా. ఆ మెప్పు చూసి మురిసిపోకు.

బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ సంగతి నీకు తెలుసు. 1960ల నడుమ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన పాఠాలు చెప్పింది కొద్దికాలమే. తర్వాత దర్శకులైన మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహం (హిందీ హీరో కాదు, మలయాళ దర్శకుడు) అక్కడ ఆయన శిష్యులు. ఘటక్ సినిమాలో దుఃఖం గొంతెత్తి ఏడుస్తుంది, మణి కౌల్ సినిమాలో మనిషి గొంతు పెంచడు. జాన్ అబ్రహం కేరళలో జనం దగ్గర చందాలు పోగుచేసి సినిమా తీశాడు. ముగ్గురిలో ఒక్కరూ గురువును దించలేదు. పాఠం ఎట్లా చెప్పాడో అనిపిస్తుంది నాకు ఇప్పటికీ.

మరి ఏమీ చెప్పకుండా ఊరుకోవాలా అంటావు. కాదు. రషెస్, అంటే ఎడిటింగ్‌కు ముందు వాళ్లు తీసుకొచ్చిన ఫుటేజీ, వాళ్లతో పాటు కూర్చుని చూడు, మొత్తం చూడు. ఈ ఉద్యోగంలో ఎక్కువ టైం పోయేది అక్కడే, పోవాల్సిందీ అక్కడే. ఒక ఉదాహరణ చెప్తా. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మీద డాక్యుమెంటరీ అని ఒక పిల్లగాడు ఎండాకాలం మిర్చి సీజన్‌లో పోయి బోలెడంత షూట్ చేసుకొచ్చాడు. కొండల్లా బస్తాలు, వరసగా లారీలు, జెండా పాట (వేలం) దగ్గర గుంపు, హమాలీల నడకలు. దానికితోడు డ్రోన్ కావాలని నా చుట్టూ తిరుగుతున్నాడు. రషెస్ చూస్తుంటే నడుమ ఒక చిన్న ముక్క వచ్చింది. ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు, విరిచి చూశాడు, నేలమీద పారేసి పక్క బస్తాకు పోయాడు. ఫ్రేము అంచున ఆ బస్తా తెచ్చిన రైతు వంగి, పారేసిన కాయలు ఒక్కొక్కటే ఏరి మళ్లీ బస్తాలో వేసుకుంటున్నాడు. పిల్లగాడి కెమెరా అప్పటికే లారీల మీదికి తిరిగిపోయింది.

"ఇక్కడ ఏం జరుగుతున్నది?" అని మాత్రమే అడిగాను. "రేటు చూస్తున్నరు సార్" అన్నాడు. మళ్లీ వేయమన్నాను. మూడోసారికి వాడే ఆపాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత డ్రోన్ ఊసు ఎత్తలేదు. తిరిగి మార్కెట్‌కు పోయి, అడ్తిదారు కొట్టుముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక రైతు పక్కనే కూర్చుని తీసుకొచ్చాడు. "కింద పడ్డ మిర్చి మీద తీయరా" అని నేనే అని ఉంటే సినిమా వచ్చేదేమో గానీ, తర్వాతి సినిమాకు వాడు మళ్లీ నా గదికే రావాల్సి వచ్చేది.

కాబట్టి ప్రశ్నలు పెట్టుకో. ఎవరిని చూస్తున్నాం? ఈ షాట్ ఇక్కడే ఎందుకు ఆపినవ్? ఆ మనిషి చేతిలో ఏముంది? ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం చాలా కష్టం, నీకు ఇంకా కష్టం, నువ్వు మాటకారివి. పదిమంది ముందు మాత్రం ఎవరి పనినీ తీసిపారేయకు. చెప్పాల్సిన గట్టి మాట ఏదన్నా ఉంటే గదిలోకి పిలిచి చెప్పు, తలుపు తీసే ఉంచి.

మొదటి నెల డైలాగులు లేకుండా చేయించు. సామాన్లు లేవని డిపార్ట్‌మెంట్ ఎట్లాగూ చేతులెత్తేస్తుంది, దానికి భయపడకు. 1919లో మాస్కోలో మొదటి ఫిల్మ్ స్కూలు పెట్టినప్పుడు ముడి ఫిల్మ్‌కు కరువు. అక్కడ పాఠాలు చెప్పిన దర్శకుడు కులెషోవ్ దగ్గర పిల్లలు ఉన్న సినిమాల ముక్కలే కోసి అతికించుకుంటూ ఎడిటింగ్ నేర్చుకున్నారు. ఒకే నటుడి ముఖం, పక్కన సూపు గిన్నె పెడితే ఆకలిగా, శవపేటిక పెడితే ఏడుపుగా కనిపించిందన్నది ఆయన ప్రయోగమే. మనవాళ్లకు దాన్ని ఊరికే బోర్డు మీద చెప్తే ఎక్కదు. ఎవరిదన్నా నాయనమ్మ ముఖం ఫోన్‌లో తీసుకురమ్మను, ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తున్నట్టు. దాని పక్కన ఒకడు బతుకమ్మకు తెచ్చిన గునుగు పూలు పెడతాడు, ఒకతి తాళం వేసిన తలుపు పెడుతుంది, ఇంకొకడు కరెంటు బిల్లు పెడతాడు. క్లాసు నవ్వుతుంది, ఆ నవ్వులోనే అర్థమైపోతుంది.

టెక్నికల్ సంగతులు యూట్యూబ్‌లో నీకన్నా నాకన్నా బాగా చెప్తారు, చూసుకోమను. కానీ కొన్ని మన ఇళ్లకు సంబంధించినవి, నువ్వే చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/60 మీద ఉంటే గోడమీద పట్టీలు పాకుతుంటాయి. 1/50 గానీ 1/100 గానీ పెట్టమను. కెమెరా చెడిపోయిందని ప్రతి బ్యాచ్‌లో ఒకరు ఏడుపు ముఖంతో వస్తారు, అప్పుడు పనికొస్తుంది.

సౌండ్ ఇంకా ముఖ్యం. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. మే నెలలో ఇంట్లో సీను తీస్తే ఫ్యాన్ ఆపక తప్పదు. టేక్‌కు టేక్‌కు నడుమ వేసుకోమను, లేకపోతే నటులు పారిపోతారు. ఫ్రిజ్ ఆపితే బండి తాళంచెవి అందులో పెట్టమను. మళ్లీ ఆన్ చేయకుండా ఇల్లు దాటలేరు, ఇంటామె పాలు విరగవు, రేపు మళ్లీ ఆ ఇంట్లో తీసుకోనిస్తుంది. ప్రతి చోటా అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దం రికార్డు చేయించు, ఎడిటింగ్‌లో మాటల నడుమ అతికించుకోవడానికి. ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు, మళ్లీ చేయించు.

డైలాగులు రాయడం మొదలుపెట్టాక ఇంకో తంతు చూస్తావు. నర్సంపేట నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో "అవ్వా, బువ్వ పెట్టు" అంటుంది, స్క్రిప్టులో "అమ్మా, భోజనం వడ్డించు" అని రాస్తుంది. టీవీ సీరియల్ చలవ. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటాం, కాలేజీల్లో ఉపన్యాసాలు దంచుతాం, స్క్రిప్టులు మాత్రం ఇట్లా వస్తాయి. తిట్టకు. ఆ సీను ఇంట్లో వాళ్లమ్మతో చదివించి రికార్డు చేసుకురమ్మను. ఆమె చదవలేక నవ్వి, తన మాటల్లో చెప్పేస్తుంది. డైలాగు అదే.

పర్మిషన్ల విషయంలో మెత్తగా ఉండకు. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప అన్నీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నవి. సినిమా షూటింగ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి, కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే సరిపోదు. కాజీపేట స్టేషన్‌లో రైల్వే వాళ్లను అడగాలి. పిల్లలు "దొంగతనంగా తీస్తే మజా ఉంటది సార్" అంటారు. పట్టుబడితే కెమెరా పోయేది డిపార్ట్‌మెంట్‌ది, ఫోన్ వచ్చేది నీకు. లెటర్లు నెల ముందే పెట్టించు. దొరకకపోతే కథలో గుడి తీసేసి వీధి పెట్టుకోమను. చాలాసార్లు వీధే బాగుంటుంది.

అంతకన్నా పెద్ద పర్మిషన్ ఒకటుంది, అది మనుషులది. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, వచ్చిందంటే క్లాసు క్లాసంతా కెమెరాలు పట్టుకుని ములుగు బస్సు ఎక్కుతుంది. పూనకం వచ్చిన ఆడమనిషి ముఖం మీదికి లెన్సు తోయడం, జంపన్నవాగులో తడిబట్టల మీదున్న వాళ్లను దూరం నుంచి జూమ్ చేయడం నా క్లాసులో ఒప్పుకునేవాణ్ని కాదు. ఎంత మంచి షాట్ అయినా మార్కులు లేవు. నిలువెత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, తూచే చోట గంటసేపు కూర్చోండి, ఎవరు ఎవరి కోసం మొక్కుకున్నారో అడగండి, అడిగి తీయండి అనేవాణ్ని. నీ క్లాసులో నీ రూలు నువ్వు పెట్టుకో. కానీ బస్సు ఎక్కకముందే పెట్టు. వచ్చాక ఫుటేజీ తీసేయమంటే ఎవరికీ మనసు రాదు.

గ్రూపుల గొడవలు ఉంటాయి. నలుగురు ఉంటే నలుగురూ డైరెక్టర్లే, బూమ్ మైకు పట్టుకునేవాడు ఉండడు. షూటింగ్‌కు ముందే ఎవరిది ఏ పనో టైటిల్ కార్డు రాయించి నలుగురితో సంతకాలు పెట్టించు. చివర్లో రాయిస్తే స్నేహాలు తెగుతాయి. సంవత్సరంలో ప్రతివాడూ ఒకసారి సౌండ్ చేయాల్సిందేనని ముందే చెప్పు. ఆడపిల్లలకు "నువ్వు ప్రొడక్షన్ చూసుకో" అని టిఫిన్ల లెక్క అప్పజెప్తారు, గమనించు. నీకు నేను చెప్పక్కర్లేదు, నువ్వే అనుభవించినవు. రాత్రి షూటింగ్ ఉంటే ఎవరిని ఎవరు ఇంటిదగ్గర దింపుతారో కాగితం మీద రాయించి, వాళ్ల ఇళ్లకు నువ్వే ఫోన్ చెయ్యి. మేడమ్ చేసిందంటే నాన్నలు ఒప్పుకుంటారు.

రఫ్ కట్, అంటే మొదటి ఎడిటింగ్ ప్రతి, పాట లేకుండా చూపించమను. సంగీతం ఉంటే బాగలేని సీను కూడా బాగున్నట్టు నమ్మిస్తుంది, పెట్టినవాడిని కూడా. ఆ కట్ సినిమా తెలియనివాళ్లకు చూపించండి అనేవాణ్ని, క్యాంటీన్ అబ్బాయికి, కాలేజీ బస్సు డ్రైవర్‌కు. ఎట్లుంది అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. వాళ్లు ఫోన్ ఎప్పుడు తీసి చూసుకున్నారో రాసుకోమను, ఎడిటింగ్ అక్కడ చేయాలి.

ఇక నాన్నలు. "సినిమాలల్ల పడి పాడైతడు సార్" అని వస్తారు, వాళ్ల భయం వట్టిది కాదు. హైదరాబాద్‌లో అసిస్టెంట్‌గా చేరితే మొదట్లో అద్దె కట్టుకునే జీతం రావడమే కష్టం. ఆ మాట దాచకు. పెళ్లి వీడియోలు తీసే పిల్లలను మాత్రం క్లాసులో తక్కువ చేసి మాట్లాడనీయకు. తలంబ్రాలకు రీటేక్ ఉండదు. ఏ మేనమామ ఎప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటాడో ముందే పసిగట్టి అటువైపు నిలబడే చూపు వాళ్లకే ఉంటుంది. పుణె, కోల్‌కతా ఇన్‌స్టిట్యూట్లకు అప్లై చేస్తామనే వాళ్లకు రికమండేషన్ అడిగితే ఇవ్వు, కానీ వాడు తీసిన ఒక షాట్ పేరు పెట్టి రాయి. "కష్టపడే విద్యార్థి" అని రాస్తే ఎవరూ చదవరు.

పాసై పోయినవాళ్లు ఫోన్ చేయరు. పనిలేనప్పుడు చేస్తారు, ఎత్తు. అప్పు అడిగితే నీ ఇష్టం, స్క్రిప్టు చదవమంటే మాత్రం వారంలోపల చదివి చెప్పు.

డిసెంబర్ రివ్యూకు నన్ను రమ్మన్నావు కదా, వస్తాను. గెస్టు అని శాలువా, బొకే పెట్టకు. నేను ఎవరో పిల్లలకు చెప్పకు కూడా. వెనక బెంచీలో కూర్చుంటాను, ఫోన్ ఎప్పుడు తీసి చూసుకున్నానో నువ్వు రాసుకో.

మీ సార్