సరస్సు పక్కన ఒక రాత్రి

ప్రశ్న: మేం నలుగురం స్నేహితురాళ్ళం. వచ్చే నెల బ్యాక్‌ప్యాక్‌లు వేసుకుని కొండల్లోకి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం. మూడో రోజు రాత్రి 3,400 మీటర్ల ఎత్తులో ఉన్న సరస్సు దగ్గర ఆగాలని ప్లాన్. టెంట్ జిప్ తీయగానే ఎదురుగా నీళ్ళు కనపడాలని అందరి కోరిక. ఒకామె చేరగానే ఈత కొడతానంటోంది. ఇంకొకామె, అంత తేటగా ఉండే నీళ్ళకి ఫిల్టర్ దేనికి అంటోంది. మూడో ఆమెకి పోయినసారి పైన తలనొప్పి వచ్చింది, కిందికి దిగాక గానీ మాతో చెప్పలేదు. నాకు ఆమె గురించే టెన్షన్. ఏమేం చూసుకోవాలి?

జవాబు: మీరు చివర రాసిన విషయమే నేను ముందు అందుకుంటాను. తలనొప్పి వచ్చినా చెప్పని స్నేహితురాలు నాకూ ఉంది. చాలా ఏళ్ళ కిందట మేం ఐదుగురం ఇలాగే ఒక సరస్సు చేరాం. అందరం ఫొటోల హడావిడిలో ఉన్నాం. తను ఒక బండ మీద కూర్చుని షూ లేస్ కట్టుకుంటోంది. కట్టుకోవడం, అది ఊడిపోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. మూడోసారి కూడా ముడి పడకపోయేసరికి నాకు అనుమానం వచ్చి దగ్గరకు వెళ్ళాను. "ఏం లేదు, అలసట" అంది. లేచి నిలబడితే తూలింది. పొద్దుటి నుంచీ తలనొప్పిగానే ఉందట. మా అందరి ట్రిప్ పాడవుతుందని చెప్పలేదట.

ఆ సాయంత్రమే టెంట్లు విప్పకుండా కిందికి దిగాం. హెడ్‌ల్యాంప్‌ల వెలుగులో, ఇద్దరం తనకి చెరో పక్కా నడుస్తూ, దాదాపు 500 మీటర్ల ఎత్తు తగ్గాం. తెల్లారి లేవగానే "ఆకలేస్తోంది" అంది. ఆ మాట విన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. సుమారు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఇబ్బంది రావచ్చు. ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు. రోజూ పరుగెత్తే మనిషికి రావచ్చు, కొత్తగా వచ్చిన మనిషికి రాకపోవచ్చు. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం లాంటివి ఏవి ఉన్నా ఆ రోజు ఇంక పైకి వెళ్ళకండి. తగ్గకుండా పెరుగుతుంటే దిగిపోవాలి. గీత మీద నడిచినట్టు, ఒక కాలి మడమకి రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయమనండి. తూలినా, మాట తడబడినా పొద్దున్నదాకా ఆగకూడదు, వెంటనే కిందికి తీసుకెళ్ళాలి.

మీ ప్లాన్‌లో నేను ముందు చూసేది రెండో రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదన్నది మంచి లెక్క. సరస్సు 3,400 అంటున్నారు కాబట్టి ముందు రాత్రి 2,900 దగ్గర్లో పడుకుని ఉంటే నయం. ఇంకా కిందే ఉంటే మధ్యలో ఒక రోజు కలపండి. సెలవు దొరకదంటారేమో. అలాంటప్పుడు తక్కువ ఎత్తులో ఉన్న ఇంకో సరస్సు చూసుకోండి, దాని అందం దానిది.

ఇంకొకటి. "ఎవరికైనా బాగాలేదా?" అని గుంపుగా అడిగితే మీ స్నేహితురాలు మళ్ళీ చెప్పదు. బయలుదేరే ముందే నలుగురూ ఒక మాట అనుకోండి: రోజూ మధ్యాహ్నం, రాత్రి ఒక్కొక్కరూ తన తల ఎలా ఉందో, ఎంత తిన్నదో చెప్పాలి. మీతోనే మొదలుపెట్టండి. నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి. వెనక వదిలేస్తే, ఆమె చేరేసరికి మీ విశ్రాంతి అయిపోతుంది, ఆమెకి ఊపిరి తీసుకునే టైమే ఉండదు.

ఇక టెంట్. నీళ్ళ అంచున మాత్రం వద్దు. కనీసం 60 మీటర్లు, అంటే సుమారు 70 పెద్ద అంగలు వేసి లెక్కపెట్టుకుని వెనక్కి రండి, వీలైతే కాస్త మెరక మీదకి. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి, సరస్సు ఉన్న పల్లంలోనే చేరుతుంది. దానికి నీళ్ళ మీది తేమ తోడు. నేను మొదట్లో ఒకసారి ఒడ్డునే వేసుకున్నాను. తెల్లవారుజామున టెంట్ లోపలి గుడ్డకి సన్నటి మంచు పొర పట్టింది. ఎవరు కదిలినా అది పొడిలా రాలి మొహాల మీద, స్లీపింగ్ బ్యాగుల మీద పడి కరిగింది. రెండో రాత్రికి ఆ బ్యాగులు ఆరలేదు. చలికని టెంట్‌కి గాలి రంధ్రాలు మూసేయడం మేం చేసిన ఇంకో పొరపాటు. మన ఊపిరిలోని తేమే అలా గుడ్డకి పడుతుంది.

దూరంగా ఉండమనడానికి ఇంకో కారణం కూడా ఉంది, నాకు అది ఇంకా ముఖ్యం. రాత్రి జంతువులు నీళ్ళకి వస్తాయి. మనం దారికి అడ్డంగా పడుకుంటే అవి దాహంతో వెనక్కి పోతాయి. ఒడ్డున మెత్తగా కనిపించే ఆ పచ్చిక కూడా, అంత ఎత్తులో వేసవి కొన్ని వారాలే కాబట్టి, ఒకసారి నలిగితే తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. గిన్నెలు కడగడం, సబ్బు వాడటం, మిగతా అవసరాలు అన్నీ ఒడ్డు నుంచి ఆ 60 మీటర్లు దాటాకే. కొన్ని సరస్సుల దగ్గర టెంట్లే వేయనివ్వరు, ముందే కనుక్కోండి.

ఈత గురించి: ఒళ్ళంతా వేడెక్కి, చెమటలు కక్కుతూ వచ్చి దూకడం చాలా ప్రమాదం. మంచు కరిగిన నీళ్ళు ఒంటికి తగలగానే మనకి తెలియకుండానే పెద్దగా ఊపిరి లాగుతాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే లోపలికి వెళ్ళేది నీళ్ళే. ఈత బాగా వచ్చిన వాళ్ళకీ ఇంతే. ఆ తర్వాత కొన్ని నిమిషాల్లోనే చేతుల్లో పట్టు పోతుంది. అంతగా సరదా ఉంటే మధ్యాహ్నం ఎండలో, ఒడ్డు నుంచి నెమ్మదిగా నడుము లోతు దాకా దిగి, ఊపిరి కుదురుకున్నాక రెండు మునకలు వేసి వచ్చేయమనండి. ఒకరు పొడి బట్టలు పట్టుకుని ఒడ్డున ఉండాలి. ఉరుము వినిపిస్తే మాత్రం నీళ్ళలోనే కాదు, ఒడ్డున కూడా ఉండొద్దు. కొండల్లో వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముతుంది కాబట్టి ఒంటిగంటకల్లా చేరేలా పొద్దున్నే బయలుదేరండి.

తాగే నీళ్ళు ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేయాల్సిందే. జియార్డియా లాంటి క్రిములు కంటికి కనపడవు, కడుపు నొప్పి మొదలయ్యేది ఆ నీళ్ళు తాగిన వారానికో రెండు వారాలకో. మరిగిస్తే, 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వండి. లోపల పీచులా సన్నటి గొట్టాలుండే (హాలో ఫైబర్) ఫిల్టర్ అయితే రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. లోపల నీళ్ళు గడ్డకడితే గొట్టాలు చిట్లిపోతాయి, పైకి ఏమీ తెలియదు.

మీరు జిప్ తీయగానే నీళ్ళు కనపడాలని రాశారు కదా. నా స్నేహితురాలూ నేనూ మరుసటి ఏడాది అదే సరస్సుకి, దారిలో ఒక రాత్రి ఎక్కువ ఆగి, మళ్ళీ వెళ్ళాం. ఆ తెల్లవారుజామున నన్ను లేపింది తనే. 70 అంగలూ చలికి ముడుచుకుంటూ నడిచి వెళ్ళి ఒడ్డున కూర్చున్నాం. గాలి ఇంకా లేవలేదు. శిఖరం కొన మీద పడిన ఎండ, నీళ్ళలో మా కాళ్ళ దగ్గర మెరిసింది. తర్వాత ఎండ పల్లంలోకి దిగింది, గాలి కదిలింది, ఆ బొమ్మ చెదిరిపోయింది. అంతా కలిపి పావుగంట కూడా లేదు. మీరు అయిదింటికే అలారం పెట్టుకోండి, నలుగురూ లేవండి.