మహారాష్ట్ర నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారాకీ, నిజాం దగ్గర పనిచేసిన సిక్కు సైన్యానికీ సంబంధం ఉందా? హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో చూడాలంటే ఎలా?

సంబంధం ఉంది. కాకపోతే చాలామంది రెండు వేర్వేరు కాలాలను కలిపేస్తారు. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ నాందేడ్ వచ్చింది 1708లో. నిజాం సిక్కు పటాలం హైదరాబాద్ చేరింది 1830ల మొదట్లో. మధ్యలో నూట పాతికేళ్ల దూరం ఉంది. ఈ రెండూ విడదీసి పెట్టుకుంటే అక్కడ కనిపించేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు 1708 సంగతి. ఔరంగజేబు పోయాక, బతికున్న కొడుకుల్లో పెద్దవాడైన బహదూర్ షా సింహాసనం ఎక్కాడు. తమ్ముడు కాంబక్ష్ దక్కన్‌లో సొంతంగా పాదుషానని ప్రకటించుకుని హైదరాబాద్ పట్టుకుని కూర్చున్నాడు. అతని మీదికి బయల్దేరిన మొగల్ సైన్యంతో పాటే గురువు దక్షిణానికి వచ్చారు. అంటే ఆ సైన్యం గమ్యం మన హైదరాబాద్, నాందేడ్ దారిలో తగిలిన ఊరు. గురువు అక్కడే ఆగిపోయారు. గోదావరి ఒడ్డున మాధో దాస్ అనే బైరాగిని బందా సింగ్‌గా మార్చి, ఐదు బాణాలు, ఒక జెండా, ఒక నగారా ఇచ్చి పంజాబ్ పంపించారు. తర్వాత ఇరవై నెలలకే, 1710 మేలో, ఆ బైరాగి పంజాబ్‌లో మొగలుల చేతిలో ఉన్న సర్‌హింద్ పట్టణాన్ని పట్టుకున్నాడు.

గురువు యుద్ధంలో చనిపోయారని మనవాళ్లు తరచూ రాస్తుంటారు, అది తప్పు. హంతకులు పొడిచిన గాయానికి కుట్లు వేశారు. బలమైన విల్లు ఎక్కుపెట్టినప్పుడు ఆ కుట్లు తెగాయని సిక్కు సంప్రదాయం చెబుతుంది. 1708 అక్టోబర్ 7న కన్నుమూశారు. తన తర్వాత మనిషి రూపంలో గురువు ఉండరని, గ్రంథ్ సాహిబే గురువని చెప్పింది ఇక్కడే. అందుకే ఇది సిక్కుల ఐదు తఖ్త్‌లలో, అంటే అధికార పీఠాలలో, ఒకటి.

ఇక 1830లు. నిజాం సర్కారులో చక్రం తిప్పుతున్న చందూలాల్ పంజాబీ ఖత్రీ, నానక్ భక్తుడు. ఖజానా ఖాళీ, జమీందార్లు శిస్తు కట్టరు, అరబ్బు, రోహిల్లా కిరాయి సైనికులు చెప్పిన మాట వినరు. అప్పుడు లాహోర్‌లో మహారాజా రంజీత్ సింగ్‌తో ఉన్న స్నేహం అక్కరకొచ్చింది. అక్కడి నుంచి వచ్చిన సిక్కులనే జమియత్-ఎ-సిఖాన్, అంటే సిక్కుల పటాలం, అన్నారు, జనం నోట లాహోరీ ఫౌజ్. వాళ్లకు అప్పజెప్పిన ముఖ్యమైన పని శిస్తు వసూలు. నాందేడ్‌లో ఇప్పుడున్న గురుద్వారా కట్టడం కూడా అదే రోజుల్లో, 1832-37 మధ్య, రంజీత్ సింగ్ సొమ్ముతో లేచింది. కాబట్టి గుడి కట్టిన చెయ్యీ, సైన్యం పంపిన చెయ్యీ ఒకటే. 1948 తర్వాత పటాలం రద్దయింది, మనుషులు ఇక్కడే ఉండిపోయారు. దక్కనీ సిక్కులంటే ఎక్కువగా వాళ్ల వారసులే. చాలామంది దక్కనీ ఉర్దూ, తెలుగు కూడా మాట్లాడతారు.

చూడాలంటే అత్తాపూర్ దగ్గర కిషన్‌బాగ్‌లోని సిక్ ఛావనీ నుంచి మొదలుపెట్టండి. పటాలం మకాం అదే, అక్కడి బరంబాలా గురుద్వారా ఆ నాటిదే. ఒక గంట చాలు. ఇది చూడకుండా నాందేడ్ వెళ్తే కథ సగమే తెలుస్తుంది.

నాందేడ్‌కు రైలే మేలు. కామారెడ్డి, నిజామాబాద్, బాసర మీదుగా వెళ్లే దారి. స్టేషన్ బోర్డు మీద పేరు హజూర్ సాహిబ్ నాందేడ్ అని ఉంటుంది. సాయంత్రానికి ముందే దిగేలా చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు పొద్దున దిగి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం రైలుకే తిరిగి రావడం. అసలు చూడాల్సింది చీకటి పడ్డాకే మొదలవుతుంది.

సాయంత్రం రహరాస్ పాఠం (సిక్కుల సాయంకాల ప్రార్థన), ఆ తర్వాత దీపాలతో హారతి. అమృత్‌సర్‌లో ఇలా ఉండదు. దీపాల పళ్లెం, శంఖం, నగారా చూసి ‘ఇది సిక్కు పద్ధతేనా’ అనుకోకండి, ఇది హజూరీ మర్యాద, అంటే హజూర్ సాహిబ్ సంప్రదాయం. ఇక్కడ గ్రంథ్ సాహిబ్‌తో పాటు గురు గోవింద్ సింగ్ పేరు మీదున్న దసమ్ గ్రంథ్‌నూ కొలువు ఉంచుతారు. గుడిలో ఉంచిన పాత ఆయుధాలకు గంధం బొట్టు పెడతారు. హారతి అయ్యాక శస్త్ర దర్శనం ఉంటుంది. సేవాదారు ఒక్కో ఆయుధాన్ని చేతిలోకి తీసుకుని, పేరు చెప్పి, అందరికీ కనిపించేలా ఎత్తి చూపి మళ్లీ పెడతాడు. కత్తులు, విల్లు, బాణాలు, డాలు, తుపాకీ. మామూలుగా మ్యూజియం అద్దం వెనక చూసే వస్తువులు ఇక్కడ ఇంకా కొలువులో ఉన్నాయి. వెనక నిలబడితే పేర్లు వినపడవు, హారతి జరుగుతున్నప్పుడే ముందుకు వెళ్లి కూర్చోండి. ఫోన్ జేబులోంచి తీయకండి.

లోపలి గది అంగీఠా సాహిబ్, గురువు చితి కాలిన చోటు. అందులోకి భక్తులకు ప్రవేశం లేదు, గడప బయటి నుంచే మొక్కాలి. పెద్ద పూజారి ఆజన్మ బ్రహ్మచారి అయి ఉండాలి. అర్ధరాత్రి దాటి రెండింటి ప్రాంతంలో గాగరియా సింగ్ (నీళ్లు మోసే సేవకుడు) గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెస్తాడు, గర్భగుడి కడిగేది ఆ నీళ్లతోనే. మేలుకోగలిగితే చూడండి. దారికి అడ్డం నిలబడకండి, బిందెను ముట్టుకోకండి.

దసరా, దీపావళి, హోలా (హోలీ సమయంలో సిక్కుల పండగ) రోజుల్లో హల్లా తీస్తారు. హల్లా అంటే దాడి. గురువు గుర్రాల సంతతి అని చెప్పే గుర్రాలు, నిషాన్ (జెండా), దూసిన కత్తులతో జనం ఒక్క సంకేతానికి పరిగెత్తుతారు. రోడ్డు మధ్యలో నిలబడితే తొక్కిసలాటే, ఎత్తైన అరుగు చూసుకోండి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ రోజులు వద్దనే చెప్తాను.

తల కప్పుకోవాలి, కాళ్లు కడుక్కోవాలి, బీడీ, సిగరెట్, గుట్కా ఒంటి మీద ఉండకూడదు. జేబులో మరిచిపోయిన గుట్కా ప్యాకెట్‌తోనే గొడవలు వస్తాయి. కడా ప్రసాదం (గోధుమ పిండి హల్వా) కూర్చుని, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి తీసుకోండి. నెయ్యి ఓడుతూ ఉంటుంది, ఒంటి చేత్తో పడితే జారుతుంది. లంగర్‌లో, అంటే ఉచిత భోజనశాలలో, రొట్టె కూడా రెండు చేతులూ చాచి అందుకోవాలి, కావలసినంతే అడగాలి.

బయట బజార్లో కత్తులు అమ్ముతారు. చాలావరకు గోడకు తగిలించుకునే రకం. పిడి పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపితే బిగింపు వదులుగా ఉంటే ఆ కదలిక చేతికి తెలుస్తుంది. అయితే పాత తల్వార్లలోనూ కత్తి తోకను (పిడిలోకి దిగే కొసను) పిడిలోకి లక్కతోనే బిగించేవారు, లక్క కనపడితే నకిలీ అనుకోవద్దు. 9 అంగుళాలకు మించిన పొడవు గానీ, 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉంటే ఆయుధాల నిబంధనలు అడ్డం వస్తాయి. దేశీయ విమానాల్లో కిర్పాన్‌కు (సిక్కులు ధరించే కత్తికి) ఉన్న మినహాయింపు సిక్కులకే, అదీ పదును భాగం 6 అంగుళాలు, మొత్తం 9 దాటకుండా. జ్ఞాపకంగా కావాలంటే కడియం కొనుక్కోండి.

రెండో రోజు పొద్దున బందా ఘాట్, నగీనా ఘాట్ గురుద్వారాలు చూడండి, నదివైపే ఉన్నాయి. మాల్ టేక్రీ గురుద్వారాకు ఆటోలో వెళ్లొచ్చు, తొందరగా అయిపోతుంది. ఇంకో రోజు దొరికితే బీదర్ కలపండి. పంజ్ ప్యారేలలో (గురు గోవింద్ సింగ్ మొదట ఖాల్సాలోకి తీసుకున్న ఐదుగురిలో) సాహిబ్ సింగ్‌ది ఆ ఊరే, నానక్ ఝీరా ఊట కూడా అక్కడే. ఊరి బయట జన్వాడాలో, 1705లో పంజాబ్‌లోని ముక్త్‌సర్ దగ్గర నలభై మంది సిక్కులను యుద్ధానికి నడిపించిన మాయి భాగో చివరి రోజులు గడిపిన చోటు ఉంది. నాందేడ్ వెళ్లినవాళ్లలో అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ.