పట్టికలో పెద్ద అంకె ఉన్నంత మాత్రాన వేగం ఎక్కువా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. రెండు పంపులు ట్యాంకులు నింపుతున్నట్టు రెండు పట్టికలు ఇచ్చి, ఏది వేగంగా నింపుతోందో చెప్పమన్నారు. మొదటి పంపు 2 నిమిషాలకు 18 లీటర్లు, 5కి 45, 8కి 72. రెండోది 3 నిమిషాలకు 24, 7కి 56, 12కి 96. తను 72 కన్నా 96 పెద్దది కదా అని రెండో పంపు పేరు రాసేసింది. తప్పని చెప్పాను కానీ ఎందుకు తప్పో తనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. – ఒక తల్లి

జవాబు: పట్టిక చూడగానే ఎవరి కన్నయినా చివరి వరుస మీదకే పోతుందండీ, పెద్దవాళ్లం మనమూ అంతే, కాబట్టి పాపను కోప్పడకండి. వెంటనే భాగహారం కూడా చెప్పకండి. ‘ఆ 96 లీటర్లు రావడానికి ఎంతసేపు పట్టింది?’ అని అడగండి. 12 నిమిషాలు అంటుంది. ‘మరి మొదటి పంపును కూడా 12 నిమిషాలు నడిపితే?’ అనండి. పట్టికలో 12 లేదు, తనే కట్టుకోవాలి: 2 నిమిషాలకు 18 అయితే 12కి దానికి ఆరింతలు, 108. రెండు పంపులకీ సమానంగా టైమ్ ఇచ్చి చూస్తే తప్ప పోలిక కుదరదని తనకే తెలిసిపోతుంది.

ఆ సమానమైన టైమ్ 12 నిమిషాలే కానక్కర్లేదు, ఒక్క నిమిషం పెట్టుకుంటే లెక్క ఇంకా సులువు. మన చిన్నప్పుడు ఏకవస్తు పద్ధతి అని చదువుకున్నాం చూడండి, అదే ఇది. 18ని 2తో, 45ని 5తో, 72ని 8తో, ఎలా భాగించినా మొదటి పంపుకి నిమిషానికి 9 లీటర్లు, రెండోదానికి 8.

ఒక్క వరుస భాగించి ఆగిపోయే పిల్లలు చాలామంది, అక్కడే దెబ్బ తింటారు. మూడో పంపు ఒకటి ఉందనుకోండి, 2 నిమిషాలప్పుడు ట్యాంకులో 40 లీటర్లు, 4కి 54, 6కి 68. మొదటి వరుస భాగిస్తే 20 వస్తుంది, అబ్బో అందరికన్నా ఇదే వేగం అనిపిస్తుంది. రెండో వరుసలో పదమూడున్నర, మూడో వరుసలో పదకొండు చిల్లర. ఇలా వరుస వరుసకీ మారిపోతోందంటే ఆ పట్టికలో అనులోమానుపాతం (నిమిషాలు ఎన్ని రెట్లయితే లీటర్లూ అన్నే రెట్లు కావడం) లేదన్నమాట, ఇక్కడైతే పంపు వేయకముందే ట్యాంకులో కొంత నీరు ఉంది. అప్పుడు తేడాలు చూడాలి. ప్రతి 2 నిమిషాలకూ 14 లీటర్లు పెరుగుతోంది, అంటే నిమిషానికి 7 మాత్రమే, మొదట ఉన్నవి 26 లీటర్లు. నిజానికి మూడింటిలో ఇదే నిదానం!

ఇంకొకటి, దేన్ని దేనితో భాగించారో పక్కనే మాటల్లో రాయించండి. అదే రెండో పంపుకి నిమిషాలను లీటర్లతో భాగిస్తే లీటరుకు నిమిషంలో ఎనిమిదో వంతు, అంటే ఏడున్నర సెకన్లు వస్తుంది, మొదటిదానికి సుమారు 6.7 సెకన్లు. ఇలా వేసినప్పుడు చిన్న అంకె వచ్చినదే వేగమైనది. ధ్వని సంగతి చెప్తే పిల్లలకు బాగా గుర్తుంటుంది: గాలిలో అది కిలోమీటరు పోవడానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది (మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టిన సెకన్లను 3తో భాగించి దూరం చెప్పేది ఇందుకే), నీటిలోనైతే ఒక్క సెకను కూడా పట్టదు. ‘3 పెద్దది కాబట్టి గాలిలోనే వేగం’ అంటే ఎంత తప్పో చూడండి.

ప్రశ్న: పరుగు పందేల టైములు పట్టికలో వేస్తే రేటు ఏ రెండు వరుసల్లోనూ సరిగ్గా ఒకటి రావడం లేదు. అలాంటప్పుడు యూనిట్ రేటుతో (సెకనుకు ఎన్ని మీటర్లు అన్న లెక్కతో) పోల్చకూడదా? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పోల్చొచ్చు, కాకపోతే అది సగటు అని గుర్తుపెట్టుకోవాలి. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో, 200 మీటర్లు 19.19 సెకన్లలో పరిగెత్తాడు. సెకనుకు 10.44 మీటర్లు, 10.42 మీటర్లు. దాదాపు సమానంగా ఉన్నాయి కదా అని పరుగంతా ఒకే వేగంతో సాగిందనుకోవద్దు, నిలబడ్డ చోటు నుంచి వేగం అందుకునే మొదటి అడుగులు ఎప్పుడూ నిదానమే, 200 మీటర్లలో ఆ నష్టం ఎక్కువ దూరం మీద పంచుకుపోతుంది, కానీ దానికి మలుపూ అలసటా తోడవుతాయి.

పట్టికలో ఉన్న దూరాల వరకూ ఈ సగటు నమ్మకంగా పనికొస్తుంది. పట్టిక దాటి ముందుకు లాగితేనే చిక్కు. ఇదే రేటున 400 మీటర్లు 38.4 సెకన్లలో అయిపోవాలి, కానీ 2016 రియో ఒలింపిక్స్‌లో వేడ్ వాన్ నీకెర్క్ ప్రపంచ రికార్డు కొట్టింది 43.03 సెకన్లతో.