ఎన్నికలొస్తే రోడ్డు మాట వెనక్కి, భాష మాట ముందుకు ఎందుకొస్తుంది?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఎన్నికలు దగ్గరపడగానే రోడ్డు, ఆసుపత్రి మాట పక్కకు పోయి తెలుగువాళ్లా ఒడియావాళ్లా, ఊరివాళ్లా బయటివాళ్లా అన్న గొడవే ఎందుకు లేస్తుందని అడిగారు. ఓట్ల లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఒక నియోజకవర్గంలో 2 లక్షల ఓట్లున్నాయనుకోండి. 70 శాతం పోలైతే 1,40,000. గట్టి అభ్యర్థులు ముగ్గురుండి, ఒకరికి 50,000 వచ్చి, మిగతా 90,000 ఇద్దరికీ ఇంచుమించు సమంగా చీలితే ఆ 50,000తోనే గెలుపు. అంటే మొత్తం ఓటర్లలో పావు వంతు గట్టిగా నిలబడితే చాలు. రోడ్డు వేయిస్తే దాని మీద అందరూ నడుస్తారు, ఓటు మాత్రం అందరూ వేయరు. పైగా మంజూరు, టెండరు, భూసేకరణ, వానాకాలం దాటి ఆ పని ఐదేళ్లలో పూర్తవుతుందన్న నమ్మకమూ లేదు. ‘మనవాళ్లకు అన్యాయం జరిగిపోతోంది’ అన్న మాటకు పైసా ఖర్చు లేదు. ఒక్క సాయంత్రంలో ఊరంతా పాకుతుంది. తర్వాత ఏం చేశావని లెక్క అడిగేవాళ్లూ ఉండరు.

అసలు పని బూత్ దగ్గర జరుగుతుంది. ఇప్పుడు ఒక్కో బూత్‌లో 1,200 మంది ఓటర్లకు మించకూడదన్నది ఎన్నికల సంఘం నియమం. ఓటర్ల జాబితాలో కులం, భాష రాసి ఉండవు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. ఆ వీధి ఎరిగిన మనిషి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే పేర్లు చూసి మనవాళ్లు, అవతలివాళ్లు, తేలనివాళ్లు అని మూడు రకాల గుర్తులు పెట్టేస్తాడు. దాని పక్కన పోయినసారి ఫారం 20 పెట్టుకుంటారు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో అంకెలతో సహా ఉంటుంది. ఈ రెండూ కలిపితే ఏ వీధిలో ఏ మాట అనాలో తెలిసిపోతుంది. తేలనివాళ్లను పనులు చూపించి తిప్పుకోవాలంటే నెలలు పడుతుంది, భయపెట్టి తిప్పుకోవడానికి వారం చాలు. నన్నడిగితే బూత్‌ల వారీగా ఓట్లు బయటపడటమే పెద్ద జబ్బు. అన్నిటినీ కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

ఇంకొకటి, తేలిపోయిన తగాదాతో మళ్లీ ఓట్లు అడగలేరు. కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్లనే చూడండి. ఒడిశా, ఆంధ్రల మధ్య 1968లో సుప్రీంకోర్టుకెళ్లిన సరిహద్దు వివాదం అది. 2021లో ఆంధ్ర వైపు నుంచి అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అక్కడివాళ్ల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. పోటీ పుణ్యమా అని రెండు వైపుల నుంచీ పథకాలు అందిన మాట నిజమే. హద్దు మాత్రం తేలలేదు. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటుది. ఎమ్మెల్యే అభ్యర్థి హద్దు సంగతి తేలుస్తానంటే, తన చేతిలో లేని పనికి మాటిస్తున్నట్టే. దానికి బదులు తెలుగు ప్రాథమిక బడి గురించి అడగండి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక చదువుకు వసతి కల్పించే బాధ్యత 350ఎ అధికరణ రాష్ట్రం మీదే పెట్టింది. ఏ ఊరి బడి, ఎన్ని పంతుళ్ల పోస్టులు ఖాళీ, ఎప్పటికి నింపుతారు అని పేరు పెట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం.

మతం, కులం, భాష పేరుతో ఓటడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. అభ్యర్థిదే కాదు, ఓటరు మతమైనా భాషైనా ఇందులోకే వస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4–3తో తేల్చింది. ప్రవర్తనా నియమావళి అమల్లో ఉన్నప్పుడు ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చాలామంది వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఎక్కించబోయి ఆగిపోతారు. గ్యాలరీలోది అది తీసుకోదు, అక్కడే నిలబడి యాప్‌లోనే తీయాలి. పాత వీడియో అయితే రాతపూర్వకంగా రిటర్నింగ్ అధికారికి ఇవ్వండి. ఫలితం వచ్చాక 45 రోజుల్లోపు కటక్‌లోని హైకోర్టులో ఆ నియోజకవర్గ ఓటరైనా పిటిషన్ వేయొచ్చు. ఎక్కువ కేసులు వీగిపోయేది ఒక్క చోట: మాట్లాడింది వేరేవాళ్లు, అభ్యర్థి సమ్మతి ఉందని రుజువు చేయలేకపోతారు. కాబట్టి వీడియోలో మాట్లాడేవాళ్ల ముఖంతో పాటు, అభ్యర్థి అదే వేదిక మీద ఉంటే అదీ స్పష్టంగా పడేలా చూసుకోండి.