కష్టజీవి అని మాత్రం రాయకండి

ప్రశ్న: "మా తాతగారు పల్లెటూరి రైతు. జీవితమంతా కష్టపడి కుటుంబాన్ని పోషించారు. సంవత్సరీకానికి ఆయన గురించి నాలుగు మాటలు రాయాలి. ఏం రాస్తే బాగుంటుంది?"

ఏమైనా రాసుకోండి, 'కష్టజీవి' అని మాత్రం రాయకండి. ఆ మాట మీద నాకు పాత కక్ష ఉంది.

మా నాయన 2023లో పోయాడు. కర్మంత్రాల రోజు ఊరి మొగదల ఫ్లెక్సీ కట్టారు. ఎనక ఎవరిదో పచ్చటి వరిమడి, ముందు చేతులు జోడించిన మా నాయన, నెత్తిన ఫొటోషాపులో చుట్టిన తలపాగా. ఆయన జన్మలో తలపాగా చుట్టలేదు, తువ్వాలు ఎప్పుడూ భుజం మీదే. కింద రాత: 'నిరంతర శ్రామికుడు, కష్టజీవి, నిగర్వి'. నిగర్వి దగ్గర నాకు ఆ దుఃఖంలో కూడా నవ్వొచ్చింది. బెల్లం పాకం చూడటంలో ఆ చుట్టుపక్కల తన అంతటోడు లేడని ఆయనకు ఎంత పొగరో ఊరంతా ఎరుగును. వచ్చినోళ్లంతా ఒకటే మాట, 'పాపం, చానా కష్టపడినాడు' అని. ఎద్దు కూడా కష్టపడుతుందండీ. మనిషిని తలుచుకునే తీరు అదేనా?

మాది చిత్తూరు జిల్లా పెనుమూరు పక్క పల్లె. ఎకరన్నర చెరకు, మిగిలినదంతా వానను నమ్ముకున్న చెనిక్కాయ చేను. సంక్రాంతికి అటూ ఇటూ గానుగాడే కాలం. మా అమ్మ తెల్లారుజామునే సంగటి కెలికి, ఊరుబిండి నూరి గానుగ కాడికి పంపేది. నాయన తిండికి కూడా ఇంటికి రాకుండా పగలూ రాత్రీ అక్కడే. మీరు రాయాలనుకుంటున్న 'కష్టం' ఇదే. ఇది అందరూ చేసిందే, దీన్ని నేను రాయను.

రాయదలిస్తే పాకం గురించి రాస్తా. చెరకు రసం పెనంలో పోసి, కింద ఎండిన పిప్పి ఎగదోస్తారు. రసం కాగేటప్పుడు ఇంత సున్నపు నీళ్లు, బెండ చెట్టు నలగ్గొట్టి తీసిన జిగురు నీళ్లు పోస్తే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని జల్లిగంటెతో తీసేస్తూ ఉండాలి. పొంగు మీదికొస్తే రెండు చుక్కలు నూనె. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కడకు వచ్చేటప్పటికి ఉంటుంది అసలు పని. ఒక పుల్ల పాకంలో ముంచి, చెంబులో చల్లటి నీళ్లలో విదిలించి, వేళ్లతో ఉండ చేసి చెంబు అంచుకేసి కొట్టాలి. టంగుమంటే దించు. అనకపోతే ఆగు. ఒక్క నిమిషం ముందు దించితే ముద్ద కట్టదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. మా నాయన చివర చివర చెంబు కూడా పట్టేవాడు కాదు. పొంగు శబ్దం మారేది, ఆయన బీడీ పారేసి లేచేవాడు. అంతే.

1997 జనవరి. నేను తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు, సెలవులకు వచ్చి ఉన్నా. రాత్రి రెండు గంటలకు త్రీఫేజు కరెంటు వచ్చింది. (రైతుకు రాత్రిపూట కరెంటు ఇచ్చే ఆలోచన ఎవరికి పుట్టిందో గానీ, ఆయన్ని ఒక్క రాత్రి టార్చిలైటు ఇచ్చి మా గెనిమ గట్టు మీద నడిపించాలి. పాము కాటుకు పోయినోళ్లు మా పంచాయతీలోనే ఉన్నారు.) మోటరు ఆన్ చేసి కయ్యకు నీళ్ల మడవ తిప్పి రావాలి. నాయన పెనం వైపు ఒకసారి చూసి, "ఇంకా పది నిమిషాలు పడతాది. పొంగు నురుగు పసుప్పచ్చగా అయ్యి, పెద్ద పెద్ద బుడగలు పగలడం మొదలైతే నన్ను కేకెయ్. నిద్రపోయేవు" అని పోయాడు.

నిద్రపోలేదు. అదే నా సిగ్గు. మేలుకొనే ఉన్నా. పొయ్యి ఎగదోసే మామతో కబుర్లు, తిరుపతి హాస్టలు గొప్పలు. కాలేజీలో నేనెంత తెలివైనోడినో ఆయనకు చెప్తా ఉన్నా. బుడగలు పగులుతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నా, నాకవి బుడగల్లాగే కనపడినాయి. అవతల చీకట్లోంచి ముందు ఆయన అరుపొచ్చింది, "దించండ్రా!" అని. కయ్యలో ఉండగానే వాసన తగిలిందంట. పరిగెత్తుకొచ్చేలోపు అయిపోయింది. నలుగురం పట్టి దించితే తారు లాగా నల్లగా, పొగలు కక్కుతా ఉంది.

కొడతాడేమో అనుకున్నా. కొట్టలేదు. పుల్లతో ఇంత తీసి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. పోయి ముద్దలు పరిచే చాప మీద కూర్చుని, జోబీలోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. కాలెండరు వెనక అట్ట కత్తిరించి కుట్టుకున్న బుక్కు అది. పొయ్యి వెలుతురులో రాసుకుంటా పైకి చెప్పినాడు.

"అరవై కిలోలు. కిలో ఏడు రూపాయలు. నాలుగొందల ఇరవై. నరికినోళ్ల కూలీ, బండి బాడుగ వేరే. అవి నీకు వదిలేస్తాండా."

"నాయనా, నేనేమన్నా కావాలని..."

"కావాలని చేసుంటే రెండింతలు రాసుందును."

పదకొండు నెలలు తడిపెట్టి, కలుపు తీసి, జడలు చుట్టి నిలబెట్టిన ఆరు వందల కేజీల చెరకు అది. ఆ మాట మాత్రం ఎత్తలేదు. మాడిన బెల్లం పారెయ్యనూ లేదు, నెలరోజులు కుడితిలో కలిపి ఎద్దులకు పెట్టాడు.

1999లో తిరుపతిలోనే ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది నాకు. మొదటి జీతం పద్దెనిమిది వందలు తీసుకొచ్చి, సినిమాల్లో చూపిస్తారే, అట్లా నాయన చేతిలో పెట్టినా. ఆయన కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నాలుగు వందల ఇరవై లెక్కపెట్టి తీసుకుని, మిగతాది తిరిగిచ్చేశాడు. మా అమ్మ ఆరోజంతా శాపనార్థాలు. "కన్నకొడుకు కాడ అప్పు వసూలు చేసేటోడిని నిన్నే చూసినా" అని. ఆయన నింపాదిగా బుక్కు తీసి, ఆ పద్దు ఎదురుగా 'ముట్టింది' అని రాసుకున్నాడు. వడ్డీ వెయ్యలేదు, అది మీరు గమనించాలి.

ఇంకొక మాట. రైతంటే అమాయకుడని, కల్తీ తెలియనోడని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. మార్కెట్టుకు పోయే బెల్లంలో మా నాయన హైడ్రోసు వేసేవాడు, బెల్లం తెల్లబడే మందు అది. అందరూ వేసేవాళ్లు. వెయ్యకపోతే బెల్లం నల్లగా ఉంటుంది, చిత్తూరు మండీలో నల్ల బెల్లానికి రేటు పలకదు, పైగా సారా కాచేటోళ్లకు అమ్ముతున్నావని దోవలో ట్రాక్టరు ఆపి ఆరా తీసేవాళ్లు. తెల్లగా కావాలన్నది కొనేవాడు. తీరా ఇప్పుడు అదే కొనేవాడి కొడుకు బెంగళూరులో 'ఆర్గానిక్' అని చీటీ అంటించిన నల్ల బెల్లం రెండింతల రేటుకు కొంటున్నాడు. సీజను ఆఖర్లో ఒక్క పెనం మాత్రం మా నాయన ఏ మందూ వెయ్యకుండా వండేవాడు, ఇంటికీ అక్కోళ్లకూ చెల్లెళ్లకూ. "ఇది మనకు, అది ఊరికి" అనేవాడు, ఏ మొహమాటమూ లేకుండా. ఇది మీ సంవత్సరీకం కార్డులో పట్టదు, నాకు తెలుసు.

కష్టం అంటారు గదా, ఒకసారి మామిడి చెట్టు మీంచి పడి చెయ్యి విరిగింది. ఆసుపత్రికి పోదామంటే వినకుండా పుత్తూరు బస్సెక్కినాడు. కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురు దబ్బలు, గుడ్డ, అదే పుత్తూరు కట్టు. సాయంత్రానికి తిరిగొచ్చి మర్నాడు ఒంటిచేత్తో మడవ కడతా ఉన్నాడు. దీన్ని ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు. నేను చెప్పుకోను. ఆ చెయ్యి ఆ తరవాత పూర్తిగా పైకి లేవలేదు. ఆ రోజు ఇంకొకడికి కూలి ఇచ్చి పడుకోబెట్టే స్తోమత లేక చేసిన పనిని 'అంకితభావం' అంటే ఎట్లా?

అదే మనిషి భారతం వచ్చిందంటే చాలు, మడక కూడా మడిలోనే వదిలేసేవాడు. మా వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజు, దుర్యోధనుడి మట్టి బొమ్మను నేల మీద పడుకోబెట్టి వధించే రోజు, మా చెరకు ఎండినా సరే ఆయన చేలో కనపడడు. ఎండిన రోజులున్నాయి కూడా. మా అమ్మ ఇప్పటికీ ఆ లెక్క చెబుతుంది.

తరవాత చెరకు పోయింది. చక్కెర మిల్లులు మూతబడినాయి, నరికేవాళ్లు దొరకలేదు, బోర్లు ఎంత లోతుకు దించినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చెరకు తోటలో తోతాపురి మామిడి నాటాడు. మామిడికి లెక్కలు వేరే, వాటినీ నేర్చుకున్నాడు. 2022 ఏప్రిల్ 4న తిరుపతిని వేరే జిల్లా చేసినప్పుడు ఫోన్ చేసి, "నిన్ను చదివిచ్చిన ఊరు పరాయి జిల్లా అయిపోయిందంటనే, ఆ కర్చు ఎవుర్ని అడగాల?" అన్నాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, మొత్తం 12 అన్నప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. ఉండుంటే బుక్కులో రెండు గళ్లు గీసుండును, ఎనిమిదికి ఒకటి, నాలుగుకు ఒకటి. ఏ గడి ఎప్పుడు నిండుతుందో చూసుకుంటా కూర్చునుండును.

మీరడిగింది ఏం రాయాలని. మీ తాతగారికి ఏం తెలుసో రాయండి. ఆయన వాసన చూసి ఏది చెప్పేవాడు, చప్పుడు విని ఏది చెప్పేవాడు, ఎవరికి ఎంత బాకీ, ఎవరితో ఎందుకు మాటల్లేవు. అవి మీకు తెలియకపోతే ఇంట్లో ఆడవాళ్లను అడగండి, మగవాళ్లను కాదు. మగవాళ్లు 'దేవుడు లాంటి మనిషి' అని ముగించేస్తారు.

మా పెనం ఇప్పటికీ పెరట్లో బోర్లించి ఉంది, కింద కోళ్లు కాపురం. పోయిన నెల పాత ఇనుము కొనేవాడు వచ్చి అడిగితే అమ్మ ఇవ్వలేదని తెలిసింది. నాకు గొంతు పట్టేసింది. ఫోన్లో, "నాయన గుర్తుగా ఉంచుకున్నావా మా?" అన్నా.

"కాదురా, కిలోకు ఇంకో రెండు రూపాయలు ఎక్కువ ఇమ్మన్నా. వాడు రాలా" అనింది.