ఆయన ఫోన్ పెట్టేశాక నిద్ర రావడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. రాత్రి పదకొండున్నరకు వీడియో కాల్ చేస్తారు. ఆ తర్వాత నిద్ర పట్టక రీల్స్ చూస్తుంటే రెండవుతుంది. ఐదున్నరకు లేచి పాలు పితకాలి. మూడు నెలలుగా తలనొప్పి, చిరాకు. బాబును ఊరికే కసురుకుంటున్నాను. భార్యాభర్తలు కలిసి తిరిగే వీడియోలు చూస్తే ఏడుపొస్తోంది. ఫోన్ వల్ల డిప్రెషన్ వస్తుందంటున్నారు. పూర్తిగా మానేయాలా?

సలహా: మానేయొద్దమ్మా. మీ ఇద్దరినీ కలిపి ఉంచుతున్నది ఆ ఫోనే. ఆయనతో మాట్లాడే సమయం మీకు మేలే చేస్తుంది. ఇబ్బందంతా ఆ తర్వాత రెండింటి దాకా చూసే రీల్స్‌తోనే.

ముందు నిద్ర సంగతి చూద్దాం. మీరు పడుకునేది మూడున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నెలల తరబడి ఇంత తక్కువ నిద్రపోతే ఎవరికైనా తలనొప్పి, కోపం, ఏడుపు వస్తాయి. బాబును కసురుకున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. రీల్స్‌కు ముగింపు ఉండదు, ఒకటి అయ్యేలోపే ఇంకోటి వచ్చేస్తుంది. అలసిన మనసు దాన్ని ఆపలేదు. పైగా ఒంటరిగా ఉన్న వేళ ఇతరుల సంతోషం చూస్తుంటే మన లోటే పెద్దగా కనిపిస్తుంది. ఫోన్ దిగులు తెచ్చిందా, దిగులుగా ఉండి ఫోన్ పట్టుకున్నారా అంటే, రెండూ జరుగుతాయి.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మన రాత్రి తొమ్మిదికి అక్కడ సాయంత్రం ఆరున్నర. వారంలో కొన్ని రోజులైనా ఆ వేళకు పది నిమిషాలు వీలవుతుందేమో అడగండి. వీలుకాని రోజు మీరు వాయిస్ మెసేజ్ పెట్టి పడుకోండి, ఆయన తీరిగ్గా వింటారు. కాల్ అయ్యాక ఫోన్ మంచం దగ్గర వద్దు, వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. పొద్దున లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి. మొదటి వారం చేతులు వెతుక్కుంటాయి, అది సహజం.

రక్తహీనత, థైరాయిడ్ సమస్య ఉన్నా నీరసం, చిరాకు ఉంటాయి కాబట్టి ఆ రెండు రక్తపరీక్షలూ చేయించుకోండి. నిద్ర కుదిరాక కూడా రెండు వారాలపాటు రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, వెంటనే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒకటి అడుగుతాను. ఈ ఏడుపు సంగతి ఆయనకు తెలుసా? దూరంలో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని దాచి ఉంటారు. చెప్పండమ్మా. రేపటి కాల్‌లోనే చెప్పండి.