చంటోణ్ణి తీసుకుని హైదరాబాద్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు హైదరాబాద్ ఆఫీసుకు మారుతున్నావనీ, చంటోణ్ణి కూడా తీసుకెళ్ళిపోతున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక నిద్ర పట్టలేదు. రెండేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ ఊళ్ళో ఒక్కదానివీ ఎలా నెగ్గుకొస్తావోనని భయం. నీ వయసులో నేనూ అదే ఊళ్ళో అలాగే దిగాను కాబట్టి, భయం ఎంతో గర్వమూ అంతే.

నువ్వు రాసుకున్న లెక్క మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. జీతం 48,000. అద్దె, డేకేర్ 11,000, పాలు, గ్యాస్, ఆటోలు అన్నీ పోను 6,000 మిగులుతాయని రాశావు. మిగలవమ్మా. అందులో చంటోడి జ్వరాలు లేవు. ఒళ్ళు వెచ్చబడితే డేకేర్ వాళ్ళు రానివ్వరు, ఫీజు మాత్రం తగ్గించరు. నలుగురు పిల్లల్లో పడ్డాక మొదటి ఏడాది జలుబో విరేచనాలో తగులుతూనే ఉంటాయి. నీ సెలవులు పండగలకు ఖర్చుపెట్టకుండా వాడి కోసం దాచుకో.

కొండాపూర్‌లో అద్దెలు ఎక్కువని బాచుపల్లి వైపు చూస్తున్నావట. వద్దు. వాన పడిన సాయంత్రం హైటెక్ సిటీ దాటి రావడానికే గంటన్నర పడుతుంది. టైము దాటితే డేకేర్ వాళ్ళు గంటకింత అని వేస్తారు. అద్దెలో మిగిలిన నాలుగు వేలూ అలాగే పోతాయి. ఒక్క గదైనా సరే, ఇల్లు, ఆఫీసు, డేకేర్ మూడూ దగ్గర దగ్గరగా ఉండేలా చూడు.

ఆఫీసులో క్రెష్ ఉందేమో చేరకముందే అడుగు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ సౌకర్యం ఉండాలని 2017లో చట్టం సవరించారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. లేదంటే, బయటి డేకేర్ ఖర్చులో ఎంత ఇస్తారో అడగడానికి మొహమాటపడకు. అద్దె మరీ బరువైతే ఉద్యోగం చేసే ఆడవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన సఖి నివాస్ హాస్టళ్ళలో ఖాళీ ఉందేమో కనుక్కో. మహానగరాల్లో 50,000 లోపు జీతం ఉన్నవాళ్ళకు ఇస్తారు, పిల్లల్ని కూడా ఉంచుకోనిస్తారు.

ఇక ‘ఆయన డబ్బు నాకొద్దు’ అన్నావట. ఈ మాటకు నాకు కోపం వచ్చింది. అది నీకిచ్చే డబ్బా? పిల్లవాడి పాలడబ్బు. నువ్వు సంపాదించుకుంటున్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్. కేసు తేలేలోపు ఇప్పించే మధ్యంతర భరణం దరఖాస్తును, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని అందులోనే ఉంది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే భరణం లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే నువ్వు పౌరుషానికి పోయి ఆలస్యం చేసిన ప్రతి నెలా చంటోడికే నష్టం. మీ పెదనాన్న పోయాక నాకు అడగడానికి మనిషే లేకపోయాడు. నీకు ఉన్నాడు. అడుగు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఇకముందు రాసేది నేనే చెప్పాలి. మీ అమ్మకు కూడా తెలియదు.

1993. మీ పెదనాన్న పోయి ఏడాదిన్నర. అబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టును, జీతం 1,400. చిక్కడపల్లిలో ఒంటిగది. మీ అన్నయ్యకు సరిగ్గా ఇప్పటి చంటోడి వయసు. వెనక వీధి మామ్మగారు నెలకు 300 తీసుకుని చూసేవారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి వాడి మోకాళ్ళు గీసుకుపోయి, ఒళ్ళంతా మట్టి. ఇంటికొచ్చాక పదయినా పడుకునేవాడు కాదు. నేనేమో థీసిస్‌లు ఇంటికి తెచ్చుకుని పేజీల లెక్కన టైపు చేసేదాన్ని. వాడు పడుకుంటేగానీ పని సాగేది కాదు. ఇంకొకావిడ 150కే చూస్తుందని ఎవరో చెప్పారు. నెలకు 150 మిగలడమంటే అప్పట్లో మాకు బియ్యం ఖర్చు వెళ్ళిపోయినట్టే. మార్చేశాను.

వారం తిరిగేసరికి వాడు వేరే పిల్లాడైపోయాడు. ఎప్పుడు వెళ్ళినా నిద్రలోనే ఉండేవాడు. భుజాన వేసుకుని తెచ్చి నాలుగు ముద్దలు పెట్టేలోపు మళ్ళీ తల వాల్చేసేవాడు. బుద్ధిమంతుడయ్యాడని సంతోషించాను అమ్మలూ. రాత్రికి ఐదారు పేజీలు ఎక్కువ అయ్యేవి. చొక్కా కాలర్ మీద రోజూ ఒక ఎర్రటి మరక ఉండేది, వేలు పెడితే జిగటగా. ఏదో షర్బత్ పోస్తోంది కాబోలు, మంచి మనిషి అనుకున్నాను. రోజూ రాత్రి పంపు దగ్గర కూర్చుని సబ్బు పెట్టి ఆ మరక నేనే ఉతికాను. మూడు నెలలు.

ఒకరోజు ఆఫీసులో పెద్దాయన ఎవరో పోయారని పదకొండింటికే పంపేశారు. తిన్నగా అక్కడికే వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల చాప మీద నలుగురు పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. పక్కనే రేడియో గట్టిగా మోగుతోంది. ఒక్కడూ కదలడం లేదు. మీ అన్నయ్య మూతి మీద ఈగ వాలి ఉంటే వాడికి తెలియడం లేదు. కిటికీలో దగ్గుమందు సీసా, మూత అంచున అదే ఎరుపు.

వాణ్ణి ఎత్తుకుని వచ్చేశాను. డాక్టరు దగ్గరికి పరిగెత్తాలని కూడా తోచలేదు. మొహం మీద నీళ్ళు చల్లుతూ, పేరు పెట్టి పిలుస్తూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు కళ్ళు తెరిచి ‘ఆకలి’ అన్నాడు. ఆ రాత్రే మిగతా ముగ్గురి తల్లుల దగ్గరికీ వెళ్ళి చెప్పాను. ఒకామె నమ్మలేదు. మర్నాటి నుంచి ఆమె కొడుకు మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. మామ్మగారు మాత్రం ఏమీ అడక్కుండా వాణ్ణి నా చేతుల్లోంచి అందుకున్నారు.

నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని కొన్ని జలుబు మందుల సీసాల మీదే రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకని చెప్తున్నాను. డేకేర్‌కు చెప్పకుండా వెళ్ళు, ఒకరోజు పదకొండింటికి, ఒకరోజు మూడింటికి. ఫోన్‌లో కెమెరా చూపిస్తామంటారు. చూడు, కానీ అంతటితో ఊరుకోకు. మత్తులో పడుకున్నాడో మామూలుగా పడుకున్నాడో కెమెరాలో తెలియదు. ఒక్కో ఆయా చేతికింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. నీకు ఫోన్ చేయకుండా ఏ మందూ వేయకూడదని రాసిచ్చి సంతకం తీసుకో. సాయంత్రం వాడు ఇల్లు పీకి పందిరేస్తే విసుక్కోకు తల్లీ. నువ్వు అలసిపోయే వస్తావు, నాకు తెలుసు. అంట్లు పొద్దున్న తోముకోవచ్చు.

సంక్రాంతి వెళ్ళగానే నేనూ వస్తున్నాను. నెల రోజులు ఉంటాను. మొదట్లో వాణ్ణి డేకేర్‌లో రెండు గంటలే ఉంచుదాం, మిగతా పొద్దంతా నా దగ్గరే. మోకాళ్ళ వల్ల మెట్లెక్కలేను, లిఫ్ట్ లేకపోతే కింది పోర్షన్ చూడు. ఈ ఉత్తరం మీ అన్నయ్య కంట పడనివ్వకు. చంటోడికి నాలుగు చొక్కాలు కుట్టించి తెస్తున్నాను, నాలుగూ తెల్లవే. రోజూ అవే వేసి పంపు.

మీ పెద్దమ్మ